మ్యాచ్ కాని పాటలు

"క్లౌడ్‌లో ఉంది లే" అనే మాట మన హాస్టల్లో రోజుకి ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. ల్యాబ్ రికార్డు క్లౌడ్‌లో ఉంది, ఫెస్ట్ ఫోటోలు క్లౌడ్‌లో ఉన్నాయి, పాటల సంగతి ఇక సరే సరి. ఆ మాట అనేటప్పుడు మన గొంతులో ఒక ధీమా ఉంటుంది. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్న ధీమా. పాటల విషయంలో మాత్రం ఆ ధీమాకి ఆధారం లేదనేది నా వాదన. మ్యూజిక్ లైబ్రరీ సర్వీసులు మన ఫైళ్లని దాచడానికి తయారైనవి కావు, మనకి పాటలు వినిపించడానికి తయారైనవి. ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. తేడా తెలిసేసరికి పాట ఉండదు.

స్ట్రీమింగ్ మీద నాకేం కోపం లేదు, ముందే చెప్పేస్తున్నా. నేనూ స్టూడెంట్ ప్లాన్ కట్టే వింటాను. నేను మాట్లాడుతున్నది ఇంకో రకం సేవ గురించి. మనం కొన్నవో, మనమే రికార్డు చేసుకున్నవో మన దగ్గర కొన్ని ఫైళ్లు ఉంటాయి. "ఆ లైబ్రరీ అంతా మాకు అప్పజెప్పండి, ఏ ఫోన్‌లోనైనా వినొచ్చు" అంటుంది ఆ సర్వీసు. తీసుకుంటుంది కూడా. తీసుకున్నాక లోపల ఏం జరుగుతుందో మనలో చాలామంది ఎప్పుడూ అడగలేదు, సీఎస్ఈ వాళ్లతో సహా.

జరిగేది ఇది. 2011లో యాపిల్ ఐట్యూన్స్ మ్యాచ్ అని ఒకటి తెచ్చింది. ఏడాదికి 24.99 డాలర్లు, 25,000 పాటల దాకా. అప్పటి నెట్ స్పీడులో అన్ని పాటలు అప్‌లోడ్ చేయాలంటే రోజులు పట్టేది. అందుకని వాళ్లొక ఉపాయం చేశారు. మన కంప్యూటర్లో ఉన్న పాట వాళ్ల కేటలాగ్‌లో ఉందా అని ముందు చూస్తారు. ఉంటే మన ఫైలు అసలు పైకి వెళ్లదు. వేరే ఫోన్‌లో మనం నొక్కినప్పుడు వాళ్ల దగ్గరున్న 256 కేబీపీఎస్ కాపీ వస్తుంది. దొరకనివి మాత్రమే అప్‌లోడ్ అవుతాయి. ఇంజనీర్‌గా చూస్తే చాలా తెలివైన పని. మన డీబీఎంఎస్ క్లాసులో నేర్పేదే కదా. పది లక్షల మంది దగ్గరున్న ఒకే పాటని పది లక్షల సార్లు దాచడం ఎందుకు, ఒక్కసారి దాచి అందరికీ పాయింటర్ ఇస్తే పోతుంది.

అయితే "ఒకే పాట" అని ఎవరు చెప్పాలి? తిరకాసంతా అక్కడే ఉంది.

దానికి రెండు దారులున్నాయి. ఒకటి, పాటనే వినడం. షాజామ్ వాళ్లు దీని మీద 2003లో ఒక పేపర్ వేశారు. చదవని వాళ్లు చదవండి, డీఎస్పీ అంటే ప్రేమ పుడుతుంది. పాటని స్పెక్ట్రోగ్రామ్‌గా మార్చి, అందులో గట్టిగా పలికే చోట్లని మాత్రం చుక్కలుగా తీసుకుంటారు, రాత్రి ఆకాశంలో నక్షత్రాల్లాగ. రెండేసి చుక్కల ఫ్రీక్వెన్సీలూ వాటి మధ్య కాలమూ కలిపి హ్యాష్ చేస్తారు. ఈ పద్ధతి ఒక రికార్డింగుని చూసి ఇంకోటి అనుకోవడం చాలా తక్కువ. రెండో దారి బద్ధకస్తుడిది. ఫైలుకి తగిలించి ఉన్న ట్యాగులు చదవడం. పాట పేరు, ఆల్బమ్ పేరు, పాడినవాళ్ల పేరు కలిస్తే అదే పాట అనుకోవడం. యాపిల్ మ్యూజిక్ 2015 జూన్ 30న మన దేశంతో సహా మొదలైనప్పుడు, ఐట్యూన్స్ మ్యాచ్ విడిగా కొనని చందాదారులకి నడిచింది ఈ రెండో దారే. 2016 జులైలో గానీ పాటని విని పోల్చే పద్ధతికి మారలేదు.

తెలుగు పాటల ట్యాగులు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? మన చిన్నప్పటి ఎంపీత్రీ ఫైళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. పాడింది ఎవరు అన్న చోట ఒక వెబ్‌సైటు పేరు. ఆల్బమ్ అన్న చోట అదే వెబ్‌సైటు పేరు. సంగీతం, రచన అన్న చోట్ల కూడా అదే. ఆ లెక్కన తెలుగు సినిమా చరిత్రలో అత్యధిక పాటలు రాసి, స్వరపరిచి, పాడినది ఒక డాట్ కామ్. లేదంటే "ట్రాక్ 01", "అన్‌నోన్ ఆర్టిస్ట్". సరే, ఎవరో ఓపిగ్గా కూర్చుని సరిగ్గా రాశారే అనుకుందాం. "దేవదాసు" అని రాస్తే ఏ దేవదాసు? 1953లో వచ్చింది, 1974లో వచ్చింది, 2006లో వచ్చింది. "మిస్సమ్మ" 1955దా, 2003దా? పేర్లు చూసి పాటని పోల్చే ప్రోగ్రామ్ మన భాషలో నడవాలంటే ముందు మనవాళ్లు సినిమాలకి కొత్త పేర్లు పెట్టాలి. అది జరిగే పని కాదు.

2016 మే నెలలో అమెరికాలో ఒక సంగీతకారుడు తన 122 జీబీల పాటలు పోయాయని రాశాడు. యాపిల్ మ్యూజిక్‌లో చేరాక తన లైబ్రరీని స్కాన్ చేసి, దొరికినవాటికి తన కాపీలు తగిలించి, కంప్యూటర్లో ఉన్న అసలు ఫైళ్లని సాఫ్ట్‌వేర్ తీసేసిందన్నాడు. అందులో అతను సొంతంగా స్వరపరిచి పెట్టుకున్న ముక్కలు కూడా ఉన్నాయి. పెద్ద గొడవ అయింది. ఇలా జరగడానికి కారణం మాకు దొరకలేదు, అయినా జాగ్రత్తలు పెంచుతున్నాం అని యాపిల్ ప్రకటించి, ఐట్యూన్స్ 12.4 విడుదల చేసింది. అప్పుడు టెక్నాలజీ మీద రాసేవాళ్లలో కొందరు ఏమన్నారంటే, సాఫ్ట్‌వేర్ తనంతట తాను అలా తీసేయదు, అతనే ఏదో డైలాగ్ బాక్సులో తప్పు బటన్ నొక్కి ఉంటాడు అని.

నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. ఒక బటన్ని రెండు రకాలుగా అర్థం చేసుకునే వీలుంటే, అందులో ఒక అర్థానికి పదేళ్ల పాటలు పోతాయంటే, ఆ తప్పు నొక్కినవాడిది కాదు, బటన్ పెట్టినవాడిది. అన్నట్టు, ఆ సంగీతకారుడి దగ్గర వేరే బ్యాకప్ ఉంది కాబట్టి అతని పాటలు అతనికి దొరికాయి. లేకపోతే ఆ వాదన అతనికి ఏం పనికొచ్చేది?

ఇక మా ఇంటి సంగతి. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, స్కూల్ టీచర్. ఎండాకాలం సెలవుల్లో నాటకాలు ఆడేవారు. సత్యహరిశ్చంద్రలో హరిశ్చంద్రుడి వేషం ఆయనదే. పద్యనాటకం ఎప్పుడూ చూడని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం అది. అందులో కాటి సీను కోసమే ఊరంతా రాత్రి రెండింటి దాకా కూర్చుంటుంది. జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా ఆ సీన్లో కలిపి పాడటం ఆనవాయితీ. ఒక్కో నటుడు ఒక్కో రాగం ఎత్తుకుంటాడు. అదే నటుడు ఒక్కో ఊళ్లో ఒక్కోలా తీస్తాడు. హార్మోనిస్టు బాగా అందుకుంటే పద్యం చివర రాగం అలా సాగుతూనే ఉంటుంది, జనం "వన్స్ మోర్" అంటే మళ్లీ మొదటికి రావాలి. కాబట్టి కాటి సీను అనేది ఒక పాట కాదు. ఎన్ని రాత్రులు ఆడితే అన్ని పాటలు.

మా మామయ్య 1990ల్లో స్టేజి ముందు టేప్ రికార్డర్ పెట్టి వాటిలో కొన్ని పట్టుకున్నాడు. మొత్తం 6 క్యాసెట్లు. 2012లో ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి, ఒక్కో క్యాసెట్ మొదటి నుంచి చివరి దాకా మోగిస్తూ ఎంపీత్రీలు చేశాడు. 43 ఫైళ్లు అయ్యాయి. తాతయ్య 2016లో పోయారు, నాకప్పుడు పదేళ్లు. ఆ తర్వాత ఇల్లు మారేటప్పుడు చూస్తే క్యాసెట్ల టేపు బూజు పట్టి అతుక్కుపోయి ఉంది. ఎలాగూ ఫైళ్లున్నాయి కదా అని పారేశారు.

మామయ్య ఒక మ్యూజిక్ సర్వీసుకి నెలనెలా కట్టేవాడు. పేరు ఇక్కడ అనవసరం. తన లైబ్రరీ మొత్తం అందులో ఎక్కించాడు. ల్యాప్‌టాప్ నిండిపోయినప్పుడు ఆ యాపే అడిగింది, మీ పాటలన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయి, ఇక్కడ చోటు ఖాళీ చేయమంటారా అని. చేయమన్నాడు. ఎవరైనా అదే అంటారు. తర్వాత డెబిట్ కార్డు గడువు అయిపోయి కొత్త కార్డు వచ్చింది, నంబర్ మారింది, నెలవారీ కోత ఆగిపోయింది. దాని గురించి మెయిల్స్ వచ్చాయట, ప్రమోషన్స్ ట్యాబ్‌లో, డిస్కౌంట్ మెయిల్స్ మధ్యలో.

తాతయ్య తద్దినం రోజు సాయంత్రం అందరం కూర్చుని విందామంటే ఫోన్‌లో లిస్టు బూడిదరంగులో ఉంది. పేర్లున్నాయి, నొక్కితే పలకవు. మామయ్య అప్పటికప్పుడు మళ్లీ డబ్బు కట్టాడు. కొన్ని వెలిగాయి. "కాటి సీను 2" నొక్కితే హార్మోనియం, ఆ వెంటనే పద్యం. అమ్మమ్మ ఒక పాదం దాకా విని, "ఇది మీ నాన్న కాదురా" అంది మామయ్యతో. నిజమే. పేరున్న రంగస్థల నటుడి కంపెనీ రికార్డు అది. అద్భుతంగా పాడారు ఆయన. శబ్దం కూడా శుభ్రంగా ఉంది. వెనకాల కుక్క మొరగడం లేదు, చంటిపిల్లల ఏడుపు లేదు, ముందు వరసలో దగ్గు లేదు.

తర్వాత నేను కూర్చుని లెక్క చూశాను. 43లో 7 ఫైళ్లకి పేర్లు కలవడం వల్ల వాళ్ల కేటలాగ్ కాపీలు తగిలాయి. మిగతా 36 "మ్యాచ్ కాలేదు" కాబట్టి అప్‌లోడ్ అయ్యాయి, చందా ఆగి గడువు దాటింది కాబట్టి తొలగిపోయాయి. సపోర్టు వాళ్లకి రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు. నిబంధనల్లో ఆ వాక్యం ఉంది కూడా, నేను వెతికి చూశాను. మళ్లీ డబ్బు కడితే తిరిగొచ్చినవి మావి కాని ఏడు. మావి అయిన ముప్పై ఆరూ రాలేదు.

ఇది ఏదో బగ్ అయితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. బగ్ అయితే రిపోర్ట్ కొడతాం, ఎవరో ఒకరు సరిచేస్తారు. ఇక్కడ ప్రోగ్రామ్ తనకి చెప్పినట్టే చేసింది. ఏ పాట లోకంలో లక్ష చోట్ల ఉందో దాన్ని ఎప్పటికీ పోనివ్వదు. ఏ పాట ఒక్క చోటే ఉందో దాన్ని చందాకి కట్టేసి ఉంచుతుంది. జాగ్రత్త అవసరం లేనిదానికి జాగ్రత్త, అవసరమైనదానికి గడువు. మన భాషకి ఇది ఇంకా పెద్ద దెబ్బ, ఎందుకంటే మన దగ్గర ఆ రెండో రకం చాలా ఎక్కువ. కేటలాగ్‌లో సినిమా పాటలుంటాయి, అన్నమయ్య కీర్తనలుంటాయి. ఒక ఊళ్లో ఒక రాత్రి చెప్పిన బుర్రకథ ఉండదు, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ మీ నానమ్మ కట్టిన చరణం ఉండదు, నాట్లప్పుడు పాడే పాట ఉండదు. ఇవన్నీ ఎవరో ఒకరి ఫోన్‌లో "రికార్డింగ్ 014" అనే పేరుతో ఉంటాయి.

"అన్నీ యూట్యూబ్‌లో ఉంటాయి కదా" అంటాడు మా రూమ్మేట్. ఎక్కించినవి ఉంటాయి, ఎక్కించినవాళ్ల అకౌంట్ ఉన్నంత కాలం. ఇంకొకడు దీనికంటే బలమైన మాట అన్నాడు. "హార్డ్ డిస్కు మాత్రం పోదా? మీ క్యాసెట్లు పోలేదా?" అని. పోతాయి. డిస్కు పడితే పోతుంది, టేపుకి బూజు పడుతుంది. ఒప్పుకోవాల్సిందే. కానీ డిస్కు పోయేముందు టకటక చప్పుడు చేస్తుంది, ఎర్రర్లు ఇస్తుంది, ఇంకా పోకపోతే కాపీ చేసుకోవచ్చు. పైగా ఒక డిస్కు పోయిందని రెండో డిస్కు ఖాళీ అయిపోదు. సింక్ అలా కాదు. ఒక చోట తీసేస్తే అన్ని చోట్లా తీసేయడమే దాని పని. బ్యాకప్ అంటే ఒక చోట జరిగిన నష్టం రెండో చోటికి పాకకుండా ఆపేది. సింక్ చేసేది సరిగ్గా దానికి తలకిందులు. ఈ రెండిటికీ ఒకే మబ్బు బొమ్మ వేయడం ఎవరి ఆలోచనో గానీ, చాలా మందిని ముంచింది.

కంపెనీ మంచిదా చెడ్డదా అన్నది కూడా ఇక్కడ పెద్ద విషయం కాదు. గూగుల్ ప్లే మ్యూజిక్ ఒకప్పుడు 50,000 పాటల దాకా ఉచితంగా దాచుకోనిచ్చేది. 2020 చివర్లో మూసేశారు. నిజం చెప్పాలంటే పద్ధతిగానే మూశారు. యూట్యూబ్ మ్యూజిక్‌కి మార్చుకునే బటన్ ఇచ్చారు, డౌన్‌లోడ్ చేసుకునే దారి ఇచ్చారు, నెలల ముందు చెప్పారు. 2021 ఫిబ్రవరి 24 తర్వాత మాత్రం డేటా ఉండదన్నారు. ఆ మెయిల్ చూడని వాళ్ల పాటలు అక్కడితో సరి. మైస్పేస్ అయితే మనం పుట్టేనాటికే పెద్ద పేరు. కొత్త బ్యాండ్లన్నీ పాటలు అందులోనే పెట్టేవి. 2003 నుంచి 2015 వరకు జనం ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. 5 కోట్లకు పైగా పాటలని అప్పటి వార్తలు. ఎవరో పరిశోధన కోసం ముందే కాపీ చేసి పెట్టుకున్నవి 4.5 లక్షలకు పైగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. కోట్లలో పోయి లక్షల్లో దొరికాయి. మన దగ్గర 2024 ఆగస్టులో ఎయిర్‌టెల్ వింక్ మ్యూజిక్ మూసేస్తున్నట్టు చెప్పింది. అందులో "డౌన్‌లోడ్" చేసుకున్న పాటలు యాప్‌తో పాటే. ఆ డౌన్‌లోడ్ అనే మాట కూడా అలాంటిదే. ఫైలు మన ఫోన్‌లోనే ఉంటుంది, తాళం వాళ్ల దగ్గర ఉంటుంది.

మనలో చాలామంది ఇంకో మూడేళ్లలో ఇలాంటి యాపులే రాస్తూ ఉంటాం. నాకు ఇంటర్వ్యూలో ఎవరైనా ఒక మ్యూజిక్ లైబ్రరీ డిజైన్ చేయమంటే ఒక గీత గట్టిగా గీస్తాను. మ్యాచ్ చేయడం వేరు, అసలు ఫైలుని తీసేయడం వేరు, ఈ రెండూ ఒక్క బటన్ కింద ఉండకూడదు. మ్యాచ్ అయిన పాట పక్కన "ఇది మీ ఫైలు కాదు, మా కాపీ" అని మామయ్యకి అర్థమయ్యే మాటల్లో రాసి ఉండాలి, తెలుగులో ఉంటే ఇంకా మంచిది. చోటు ఖాళీ చేసే ముందు, మ్యాచ్ కానివి ఎన్ని ఉన్నాయో చూపించి, వాటిని మాత్రం ఇక్కడే ఉంచనా అని అడగాలి. ఇది కష్టమైన కోడ్ కాదు. మ్యాచ్ కాలేదని ప్రోగ్రామ్‌కి ఎలాగూ తెలుసు, డేటాబేస్‌లో ఆ కాలమ్ ఉంది. ఆ కాలమ్‌ని మనకి చూపించరు, అంతే. చందా ఆగినప్పుడు కూడా కేటలాగ్ పాటలు ఆపేయండి, అవి మీవి. మేం ఎక్కించినవాటిని డౌన్‌లోడ్ చేసుకునే తలుపు మాత్రం తెరిచి ఉంచండి. సర్వర్ ఖర్చు ఉంటుంది కదా అంటారు. 36 పాటలకి ఎంత ఖర్చు?

ఆ 36లో 9 దొరికాయి, చెప్పడం మర్చిపోయా. పిన్ని దగ్గర మూలన పడేసిన కీప్యాడ్ ఫోన్ ఒకటుంది. సెల్ షాపులో 30 రూపాయలిస్తే మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించే రోజుల నాటిది. అందులో 8 జీబీ కార్డు, కార్డులో "బ్రహ్మానందం కామెడీ" ఫోల్డర్ పక్కన "నాన్న" అని ఇంకో ఫోల్డర్. ఎప్పుడో బ్లూటూత్‌లో మామయ్య పంపాడట. ఆ కార్డుకి చందా లేదు, లాగిన్ లేదు, అప్‌డేట్ లేదు. ఇప్పుడు ఆ తొమ్మిదీ నాలుగిళ్లలో నాలుగు కాపీలుగా ఉన్నాయి.

ఇంటి సంగతి సరే, మన క్లబ్ సంగతి కూడా అలాగే ఉంది. గత మూడు ఉగాదుల కవి సమ్మేళనాల ఆడియో, అష్టావధానం జరిగిన రోజు పూర్తి రికార్డింగ్, ఫస్టియర్ వాళ్లు ఊళ్ల నుంచి పట్టుకొచ్చిన జానపదాలు, మొత్తం 11 జీబీ, ఒక ఫైనలియర్ అన్నయ్య కాలేజీ మెయిల్ డ్రైవ్‌లో ఉన్నాయి. ఆయన మే నెలలో పాసవుట్. విద్యాసంస్థలకి అపరిమిత స్టోరేజీ ఆపేస్తున్నట్టు గూగుల్ 2021లోనే చెప్పింది, సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ అంది. అప్పటి నుంచి వెళ్లిపోయినవాళ్ల అకౌంట్లు ఉంచుకోవడానికి ఏ కాలేజీకీ పెద్ద కారణం లేదు. అకౌంట్‌తో పాటు ఆ ఫోల్డర్ కూడా పోతుంది. అన్నయ్య మనకి "షేర్" చేశాడు కదా అంటారేమో. షేర్ అంటే చూడనిచ్చాడని, ఓనర్ ఇంకా ఆయనే.

అందుకని వచ్చే శనివారం మధ్యాహ్నం 2 గంటలకి క్లబ్ రూమ్‌లో అవన్నీ దింపుతున్నాం. 1 టీబీ డిస్కు ఒకటి నేను తెస్తాను. రెండోది ఎవరైనా తేవాలి, అది హాస్టల్లో కాకుండా డే స్కాలర్ ఎవరింట్లోనైనా ఉండాలి. ఫైళ్లకి పేర్లు పెట్టే పని కూడా ఉంది. చదివిందెవరు, ఏ రోజు, ఏ ఊరి పాట అన్నది తెలిసినవాళ్లు రండి, "రికార్డింగ్ 014" అంటే ఎవరో ఇప్పుడు గుర్తుంది గానీ వచ్చే ఏడాదికి ఉండదు. ఇంట్లో మాటలున్న పాత క్యాసెట్లు ఉంటే అవి కూడా పట్టుకురండి. ఈసీఈ ల్యాబ్‌లో ఒక టేప్ డెక్ ఉందట, తిరుగుతోందట, బెల్టు ఒక్కటి మార్చాలి.